వార్ధక్యమునకు వీసా

వయస్సు మీఱినవారు పరదేశమున స్థిరపడి శేషజీవితమును గడుపుటకు ఆయా ప్రభుత్వము లొసగు అనుమతిపత్రమునకు రిటైర్మెంటు వీసా యని పేరు. కొలదికాలము క్రిందటివఱకు మన పల్లెపట్టుల నీ మాట వినబడునది కాదు. ఇపుడు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందు సైతము దీని ప్రసక్తి వచ్చుచున్నది. వరికుంటపాడువంటి మెట్టమండలమునుండి కువైటునకో దుబాయికో పోయి, ఇరువది ముప్పది సంవత్సరములచ్చట గడపి, తల నెరసినవారు ఇక్కడనే యుండుటకు వీలున్నదా, ఇంటికి పోక తప్పదా యని విచారించుచున్నారు. అమెరికాలో ఉద్యోగించు కుమారుల యొద్దను కొమార్తెల యొద్దను కడపటి దినములు గడుపగోరు తల్లిదండ్రులు వేఱొక విధమున నదే ప్రశ్న వేయుచున్నారు. పరదేశ పౌరసత్వమును స్వీకరించి, ముదిమిలో నెల్లూరుజిల్లాకు తిరిగిరాగోరువారు మూడవ విధమున నడుగుచున్నారు. ప్రశ్న యొక్కటియే. ఉత్తరము మాత్రము అడుగువాని సంచి బరువును బట్టి మాఱుచున్నది.

మొదట గల్ఫు సంగతి చూతము. ఐక్య అరబ్బు ఎమిరేట్ల మంత్రివర్గము 2018 సెప్టెంబరులో, 55 ఏండ్లు దాటి ఉద్యోగవిరమణ చేసినవారికి అయిదేండ్ల నివాసానుమతి నొసగుట కంగీకరించెను. 2020 సెప్టెంబరులో దుబాయి ప్రభుత్వము, మా నగరమున విశ్రమింపుడని లోకములోని వృద్ధులకెల్ల ఆహ్వానము పంపెను. 2022 అక్టోబరునుండి అమలునకు వచ్చిన సవరణలను బట్టి అభ్యర్థి ఆ దేశములోపలనో వెలుపలనో 15 సంవత్సరములు పనిచేసినవాడో, విరమణనాటికి 55 ఏండ్లు నిండినవాడో కావలెను. అది కష్టము కాదు. మన వారిలో అనేకులకా యోగ్యత గలదు. తరువాతి షరతు చూడుడు. 10 లక్షల దిర్హముల విలువగల స్థిరాస్తియైన నుండవలెను, లేదా అంత మొత్తము నిలువధనమైన నుండవలెను, లేదా నెలకు 20,000 దిర్హముల ఆదాయమైన నుండవలెను. దుబాయిలో నీ ఆదాయపుమితి 15,000 దిర్హములు. గడచిన ఆఱు నెలల బ్యాంకులెక్కలు దరఖాస్తుతో జతపఱుపవలెను. 10 లక్షల దిర్హములనగా మన రూపాయలలో రెండుకోట్లకు పైమాట.

ఈ షరతును మన కూలివాని జీతముతో పోల్చి చూచిన గాని దాని స్వరూపము బోధపడదు. ఎమిరేట్ల కార్మికచట్టమును బట్టి పని చాలించి పోవువానికి మొదటి అయిదేండ్లకు ఏటికి 21 దినముల మూలవేతనమును, ఆ పిమ్మట ఏటికి 30 దినముల మూలవేతనమును గ్రాట్యుటీగా నియ్యవలెను. ఎంతకాలము పనిచేసినను మొత్తము రెండు సంవత్సరముల వేతనమును మించరాదు. మూలవేతనము 1500 దిర్హములుగల తాపీపనివాడొకడు 30 సంవత్సరములు పనిచేసెననుకొందము. వానికి దక్కునది 24 నెలల వేతనము, అనగా 36,000 దిర్హములు. విశ్రాంతి వీసాకు చూపవలసిన నిలువధనములో నిది నాలుగుపాళ్లు కూడ కాదు, నూటికి మూడుపాళ్ల ఆఱుపరకలు మాత్రమే. కువైటులో 2016లో ఆ ప్రభుత్వము ఇండ్లలో పనిచేయువారికి నిర్ణయించిన కనీసవేతనము నెలకు 60 దీనారులు, సుమారు 720 దిర్హములతో సమానము. ఆ జీతము పుచ్చుకొనిన స్త్రీ యొక కాసైనను వ్యయింపక, ఇంటికి పంపక దాచియుంచినచో, 10 లక్షల దిర్హములు కూడుటకు 115 సంవత్సరములు పట్టును. ఆ గోపురములను కట్టినవానికి వానినీడ నిలుచు హక్కు అమ్మకమునకు పెట్టబడినది గాని, ఆ వెల వానికి చెప్పినది కాదు.

సౌదీ అరేబియాలోను ఇదే తీరు. 2019లో నెలకొల్పిన ప్రీమియము నివాసమునకు శాశ్వతముగా నైనచో 8 లక్షల రియాళ్లు, ఏటేట నైనచో లక్ష రియాళ్లు. కువైటులో ప్రత్యేకించి వృద్ధుల విశ్రాంతికై యేర్పడిన వీసాయే లేదు. అచ్చట మనవారు అకామా యని పిలుచు నివాసపత్రము పనిని అంటిపెట్టుకొనియుండును, పని కఫీలును అంటిపెట్టుకొనియుండును. ప్రైవేటు సంస్థలలోని వారికి 18వ అధికరణము, ఇండ్లలో పనిచేయువారికి 20వ అధికరణము. రెండవదానినే మన పల్లెలలో ఖాదిం వీసా యందురు. ఒడలిలో సత్తువ యున్నంతవఱకు అకామా యుండును. 2020లో కువైటు మానవశక్తి సంస్థ యొక నిర్ణయము చేసెను. 60 ఏండ్లు నిండి, పట్టముగాని డిప్లొమాగాని లేనివారికి పని అనుమతులను పునరుద్ధరింపరాదనియు, 2021 జనవరినుండి ఈ నియమము నడచుననియు దాని సారాంశము. ఆ దేశపు న్యాయసలహామండలియే 2021 అక్టోబరులో ఇది చెల్లదని చెప్పినది. పిమ్మట 2022 జనవరిలో 250 దీనారుల రుసుమును, దానికి తోడు వైద్యబీమాను చెల్లించినవారికి పునరుద్ధరణ చేయుదుమనిరి. తరువాత అదియు సడలింపబడినది. ఈ నడుమ నెందఱు ముసలివారు నిద్రలేని రాత్రులు గడపిరో, ఎందఱు పెట్టె సర్దుకొని విమానమెక్కిరో యూహించుకొనవచ్చును. చదువు లేదన్న కారణముచే పంపివేయదలచినవారు అదే చదువులేనివానిని ముప్పదియేండ్ల క్రిందట పిలిచి పని యిచ్చిన సంగతి మఱవరాదు.

మన చట్టమైనను ఈ విషయమున తక్కువ తినలేదు. 1983 నాటి వలసచట్టము క్రింద పదవతరగతి దాటని కూలివాడు గల్ఫుదేశములకు పోవునప్పుడు వానికి వలసతనిఖీ యుండును. వయస్సు 50 దాటినచో ఆ తనిఖీ అక్కఱలేదని వదలివేయుదురు. అనగా మన ప్రభుత్వము 50 దాటినవానికి కాపుదల వలదనుచున్నది, అవతలి ప్రభుత్వము 60 దాటినవానికి తావు లేదనుచున్నది. నడిమి పదేండ్లు వాని అదృష్టము.

పశ్చిమ నెల్లూరు ప్రజలు ఈ దుర్దశకు ఏల లోనైరని అడుగుట అనావశ్యకము. ఉదయగిరి దుర్గమును కృష్ణదేవరాయలు 1514లో గజపతులనుండి సాధించిన కథ మన పిల్లలు చదువుదురు గాని, ఆ కొండల క్రింది నేలకు నీరు సాధించు కథ యింకను ముగియలేదు. తూర్పున పెన్న డెల్టాలో వరి పండుచుండగా, వెలిగొండల నీడనున్న వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురము, మఱ్ఱిపాడు మండలములలో రైతు ఆకాశమువంక చూచుచుండును. ఆత్మకూరు దాపుననే సోమశిల జలాశయమున్నను ఈ మెట్టలకు దానివలన చేకూరినది స్వల్పము. వాన తప్పిన యేడు ఎద్దులనమ్మి ఏజంటునకు కట్టి కువైటునకు పోవుట ఇచ్చట ఒక తరమునుండి వాడుక. నేడు ఊళ్లలో కనబడు డాబాయిండ్లును, ఆడపిల్లల పెండ్లిండ్లును, తీఱిన అప్పులును ఆ జీతములనుండి వచ్చినవే. భూస్వాములగు మా పాఠకులును, తమ పొలములకు కూలీలు దొరకుట లేదని విసుగుకొనునపుడు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఇక దరఖాస్తు సంగతి. సొమ్మున్నవానికైనను ఇది సులభముగాదు. పరదేశమున నుండియే మూడవ దేశమునకు దరఖాస్తు పెట్టువాని చిక్కు మఱియు ఎక్కువ. మన వాడొకడు ముప్పదియేండ్లు కువైటులో నుండి, కొంత కూడబెట్టి, కుమారుడున్న దుబాయిలో విశ్రాంతి తీసికొనదలచెననుకొందము. వాని చేతనున్నది భారతదేశపు పాస్‌పోర్టు, వాని నివాసము కువైటు, వాడు పోగోరునది ఎమిరేట్లు. నేరచరిత్ర లేదను పోలీసుపత్రము తానున్న దేశమునుండియు, తాను పుట్టిన దేశమునుండియు తేవలసిన అవసరము ఇట్టివారికి తఱచు కలుగును. భారతదేశపు పత్రమునకై కువైటులోని మన రాయబార కార్యాలయమును ఆశ్రయింపవలెను. విచారణ మాత్రము స్వగ్రామపు పోలీసుఠాణాకు వచ్చును. ఊరిలో నా పేరుగల వానిని పదేండ్లనుండి చూచినవాడుండడు. అన్నదమ్ములు వేఱుపడి యిల్లు మాఱియుండును. పాస్‌పోర్టులో చిరునామా పాత యింటిది.

తరువాత వివాహపత్రము. భార్యను వెంట నుంచుకొనుటకు అది కావలెను. మన ప్రాంతమున 1980, 90లలో పెండ్లియాడినవారిలో దానిని రిజిస్టరు చేయించినవారెందఱు? పందిరివేసి, పురోహితుని పిలిచి, ఊరంతటికి భోజనము పెట్టిన వివాహమునకు కాగితము సాక్ష్యమేమిటని నాటివారి భావము. నిర్బంధ వివాహ రిజిస్ట్రేషను చట్టము మన రాష్ట్రమున వచ్చినదే 2002లో. పుట్టినతేదీ సంగతి యింకను విచిత్రము. బడిలో వేసిన పంతులుగారు జూలై 1వ తేదీని వ్రాసికొనిరి. ఆధారుకార్డులో జనవరి 1వ తేదీ పడినది. తల్లి మాత్రము తుపాను వచ్చిన యేడు, శ్రావణమాసమున పుట్టెనని చెప్పును. తల్లిమాటయే నిజము, కాని దానికి ముద్ర లేదు. జననము సంవత్సరములోపల నమోదుకానిచో 1969 నాటి చట్టము క్రింద తహసీలుదారు విచారణయు, న్యాయాధికారి యుత్తరువును కావలసియుండెడివి. 2023 సవరణచే ఆ యధికారము జిల్లా, సబుడివిజను లేక కార్యనిర్వాహక మేజిస్ట్రేటులకు వచ్చినది. ఇది కొంత మేలే.

పేరుతోనే తంటా. మన ఆచారమున ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పరదేశపు పత్రములలో ఇది తలక్రిందులగును. ఒకనికి ఇంటిపేరు పొడియక్షరముగా మిగులును, వేఱొకనికి అసలే యుండదు, మఱియొకనికి తండ్రిపేరే ఇంటిపేరగును. 2022 నవంబరులో ఎమిరేట్లవారు ఒక్క పేరు మాత్రమేగల పాస్‌పోర్టులతో సందర్శక వీసాపై వచ్చువారిని అనుమతింపమని ప్రకటించినపుడు మన దక్షిణాదివా రెందఱో విమానాశ్రయముల గుమ్మములకడ కలవరపడిరి. భార్య పాస్‌పోర్టులో భర్తపేరు ఒక వరుసను, భర్త పాస్‌పోర్టులో మఱియొక వరుసను ఉన్నచో, వారిరువురును దంపతులని ఋజువుచేయుటకు ప్రమాణపత్రము మఱియొకటి. ఈ కాగితములన్నిటికిని ముద్రలు పడవలెను. భారతదేశము 2005లో అపోస్టీలు ఒడంబడికయందు చేరినందున ఆ ఒడంబడికలోనున్న దేశములకు విదేశాంగశాఖవారి యొక్క ముద్ర చాలును. సౌదీ అరేబియా 2022లో నందు చేరినది. ఎమిరేట్లు, కువైటు ఆ వరుసలో లేనందున రాష్ట్రప్రభుత్వము, కేంద్ర విదేశాంగశాఖ, ఆ దేశపు రాయబారి, మరల ఆ దేశపు విదేశాంగశాఖ యని నాలుగు గుమ్మములు తిరుగవలెను. ఈ తిరుగుడులో దళారి ప్రవేశించును. వాడు వేయి రూపాయల పనికి పదివేలు పుచ్చుకొనును. వానిని దూషించి లాభములేదు, ప్రభుత్వము ఖాళీగా విడిచిన చోటున వాడు దుకాణము పెట్టినాడు.

బర్మా చరిత్ర నెఱిగిన మా పాఠకులకు ఇది క్రొత్తకథగా తోచదు. 1931 జనాభాలెక్కల నాటికి బర్మాలో భారతీయులు పదిలక్షలకు పైగా నుండిరి. రంగూను రేవులో మూటలు మోసినవారిలో, బియ్యపు మిల్లులలో పాటుపడినవారిలో తెలుగువారు విశేషము. 'కోరంగీ'లని యచ్చటివారు పిలిచిన ఈ కూలీలే 1930 మేలో జరిగిన రేవు అల్లరులలో మొదట దెబ్బతినిరి. 1937లో బర్మా ఇండియానుండి వేఱుపడినది. అంతవఱకు స్వదేశమని యెంచిన చోట నిలుచుటకు అనుమతి యడుగవలసిన స్థితి యేర్పడినది. 1941లో ఇరుప్రభుత్వముల నడుమ వలసల ఒడంబడిక కుదిరినది. ఎన్నేండ్లు నివసించిరో ఋజువుచేసినవారికి ఒక హక్కు, ఋజువులేనివారికి వేఱొక హక్కు అని అందలి తీరు. కూలివాడెచ్చట ఋజువు తెచ్చును? ఇండియాలో దానిపై గొప్ప యాందోళనము బయలుదేరినది. అంతలో ఆ డిసెంబరున రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. లక్షలకొలది జనులు అరకాను దారిని, మణిపురపు కొండలదారిని నడచుచు వచ్చిరి. దారిలో పడిపోయినవారి లెక్క సరిగా తేలలేదు. యుద్ధానంతరము కొందఱు మరలిపోయిరి. 1962లో సైనికప్రభుత్వము వచ్చి, 1964 నాటికి వర్తకములు జాతీయమైన పిదప వారును ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ పేరుతోనే యున్నది. బర్మాకు పోయినవాడును, కువైటునకు పోయినవాడును ఒకటే మెట్టనేలనుండి గాని పేదరికమునుండి గాని పోయినవారే. రెండింటను పరాయిప్రభుత్వము వానినుండి పుచ్చుకొనినది శ్రమ, వానికియ్య నిరాకరించినది వార్ధక్యము.

రెండవ తరగతివారు తల్లిదండ్రులు. నెల్లూరు, కావలి, ఆత్మకూరు పట్టణములలో విశ్రాంతి తీసికొనిన ఉపాధ్యాయుల, గుమాస్తాల, మోతుబరిరైతుల యిండ్లలో నేడు అమెరికాప్రసక్తి లేని యిల్లు అరుదు. అమెరికాలో రిటైర్మెంటు వీసా యనునది లేనేలేదు. సందర్శకవీసాపై పోయినవారిని సాధారణముగా ఆఱునెలలకు మించి యుండనీయరు. బిడ్డకు ఆ దేశపు పౌరసత్వము వచ్చి, 21 ఏండ్లు నిండియున్నచో తల్లిదండ్రులకు శాశ్వతనివాసము కోరవచ్చును. ఐనను 65 ఏండ్లు దాటి పోయినవారు వరుసగా అయిదేండ్లు నివసించినగాని వృద్ధుల వైద్యపథకమున డబ్బు కట్టియైనను చేరజాలరు. ఆ యైదేండ్లలో గుండెజబ్బు వచ్చినచో బిడ్డ సంపాదన యంతయు ఆసుపత్రిపాలగును. కెనడా 2011లో సూపర్ వీసా నేర్పఱచి, 2022నుండి ఒక్కసారి పోయినవా రయిదేండ్లవఱకు ఉండవచ్చుననెను. లక్ష డాలర్లకు తగ్గని వైద్యబీమా చూపవలెను. ఆస్ట్రేలియావారి వైఖరి హాస్యాస్పదము. సామాన్యపు తల్లిదండ్రుల వీసాకు నేడు దరఖాస్తు పెట్టిన ముప్పదియేండ్లకు పైగా వేచియుండవలసి వచ్చునని ఆ ప్రభుత్వమే ప్రకటించినది. 65 ఏండ్లవాడు 95వ యేట కుమారునింటికి పోవుట! వేగముగా కావలెనన్నచో మనిషికి సుమారు 48,000 డాలర్లు కట్టు వేఱొక వరుస గలదు.

డబ్బు కట్టినవానికైనను స్థిరత లేదు. అనుమతి యిచ్చినవాడు మాఱిన అనుమతియు మాఱును. బ్రిటను స్వతంత్రాదాయముగల వృద్ధుల తరగతిని 2008లో మూసివేసినది. ఆస్ట్రేలియా మదుపుదారుల విశ్రాంతి వీసాను 2018లో చాలించినది. మలేషియాలో 2002నుండి నడచిన 'మలేషియా నా రెండవ యిల్లు' పథకమున నెలకు 10,000 రింగిట్ల ఆదాయమడిగెడివారు. 2021లో దానిని 40,000కు పెంచి, 2024లో మొత్తము పద్ధతినే మార్చి లక్షన్నర అమెరికా డాలర్ల డిపాజిటునుండి మెట్లు కట్టిరి. అయిదేండ్లకు తీసికొనిన అనుమతి 60వ యేట నిచ్చినచో 65వ యేట మరల పరీక్ష, 70వ యేట మరల పరీక్ష. ఆదాయము తగ్గును, బీమా రుసుము పెరుగును, కంటిచూపు మందగించును, వ్రేలిముద్రలు అరిగిపోవును. కావున ఉన్నయిల్లమ్మి, పొలమమ్మి పరదేశమున విశ్రాంతి కొనదలచువారికి మా సలహా యొక్కటియే: రెండవసారి పునరుద్ధరణ కాకున్న నెచ్చటికి వచ్చి తలదాచుకొందురో ఆ చోటు నమ్మకుడు. ఇచ్చట విశ్రాంతివేతనము పొందువారు ప్రతి నవంబరులోను తాము బ్రతికియున్నట్లు ధ్రువపత్రము పంపవలెననుటయు మఱవరాదు. 2014నుండి దానిని వ్రేలిముద్రతో యంత్రము ద్వారా పంపు వసతి కలిగినది.

మూడవవారు తిరిగిరాగోరువారు. మన దేశమునను విశ్రాంతి వీసా లేదు. భారతసంతతివారికి 2005లో ఓసీఐ కార్డు వచ్చినది. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చిన 1915 జనవరి 9 జ్ఞాపకార్థము ప్రవాసభారతీయదినము జరుపుదుము గదా, 2015లో ఆ దినముననే పాత పీఐఓ కార్డులను దీనిలో కలిపిరి. ఆజీవనము వచ్చి యుండవచ్చును, వీసా అక్కఱలేదు. పౌరసత్వము వదలినట్లు పత్రము తెచ్చి, తాము నివసించు దేశములోని మన కార్యాలయముద్వారా దరఖాస్తు పెట్టవలెను. ఇంతవఱకు బాగుగనే యున్నది. మలయాలోని బగాన్ దాతో తోటలకు పోయిన తెలుగుకూలీల మునిమనుమలకు మాత్రము ముత్తాత యూరి కాగితము దొరకుట దుర్లభము. తోటలెక్కలలో వాని పేరొక విధముగా, జిల్లాపేరు మఱియొక విధముగా నుండును.

భూస్వాములు గమనింపవలసిన ముఖ్యాంశ మింకొకటి కలదు. విదేశపౌరుడైన కుమారుడు ఓసీఐ కార్డు గలవాడైనను వ్యవసాయభూమిని గాని, తోటను గాని, తోటయింటిని గాని కొనజాలడు. తండ్రినుండి వారసత్వముగా పొందవచ్చును. ఆ భూమిని అమ్మదలచినచో ఇచ్చట నివసించు భారతపౌరునికే యమ్మవలెను. కావున తండ్రి బ్రతికియుండగనే విల్లు వ్రాయుట, పాసుపుస్తకమును రీసర్వే లెక్కను సరిచూచుకొనుట కర్తవ్యము. పరదేశమునుండి పంపు ముక్త్యారునామాను ఇచ్చటికి చేరిన మూడు నెలలలోపల స్టాంపు చేయింపవలెను. తరువాత చూతమన్న యాలస్యమువలన ముక్త్యారు చెల్లక, పొలము పాలివారి చేతికి పోయిన వివాదములు మన కోర్టులలో కొదువలేదు.

పరదేశములు తమ గడప నెవరు దాటవలెనో నిర్ణయించు హక్కు తమకున్నదన్నచో దానిని మేము కాదనము. పరాయివానికి సేద్యపుభూమి యమ్మమని చట్టము చేసిన మనము ఆ మాట యనజాలము. స్వరాజ్యమున కర్థమే యది. కాని హక్కు వేఱు, బాకీ వేఱు. ముప్పదియేండ్ల పనికి ప్రతిఫలముగా వార్ధక్యమునకు కొంత ముట్టవలెననుట భిక్షము గాదు. మన ప్రభుత్వము బెల్జియము, జర్మనీ, ఫ్రాన్సు, జపాను మొదలగు నిరువదింటికి దగ్గరగా దేశములతో సాంఘికభద్రతా ఒప్పందములు చేసికొనినది. బెల్జియముతో చేసినది 2009లోనే అమలునకు వచ్చినది. ఆ దేశములకు పోవువారు చదువుకొనిన ఉద్యోగులు. కువైటులో మన జనము పదిలక్షలు, ఎమిరేట్లలో ముప్పదియైదు లక్షలకు పైగా. ఆ దేశములతో ఇట్టి యొప్పందములు లేవు. అమెరికాతోను లేదు. అందువలన అచ్చట పదేండ్లు, అనగా 40 త్రైమాసికములు నిండక తిరిగివచ్చు మన ఉద్యోగి కట్టిన వృద్ధాప్యపన్నంతయు అచ్చటనే నిలిచిపోవుచున్నది.

స్వదేశమున నేమి చేసితిమో చూచిన సిగ్గు కలుగును. 2003నుండి వలసకార్మికునకు ప్రవాసీ భారతీయ బీమా యున్నది. రెండేండ్లకు 275 రూపాయలు కట్టిన, ప్రమాదమున మరణించినచో 10 లక్షలు కుటుంబమునకు వచ్చును. మన రాష్ట్రమున ఎన్నార్టీ సొసైటీవారి ప్రవాసాంధ్ర భరోసాయు ఇట్టిదే. మంచివే. కాని చచ్చినవానికి కలదు, బ్రతికి ముసలివాడైనవానికి లేదు! దానికై 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన యను పింఛను పథకమును కేంద్రము ప్రారంభించెను. కార్మికుడు కట్టినదానికి తోడు ప్రభుత్వము ఏటికి 1000 రూపాయలు, స్త్రీలకైనచో 2000 రూపాయలు కలిపెడిది. చేరువారు తక్కువయని 2017లో దానిని ఎత్తివేసిరి. కువైటులో వంటయింట పనిచేయు స్త్రీకి ఆ పథకముసంగతి చెప్పినవాడెవడు? నీరందలేదని కాలువను పూడ్చుట యిట్టిదే.

కేరళమువారు మఱియొకవిధమున నాలోచించిరి. 2008లో ప్రవాసుల సంక్షేమచట్టము చేసి, బోర్డు నేర్పఱచి, నెలనెల చందాకట్టిన ప్రవాసికి 60వ యేట పింఛను వచ్చునట్లు చేసిరి. ఆంధ్రప్రదేశమున 2024 జూలైనుండి వృద్ధులకు నెలకు 4000 రూపాయలిచ్చుచున్నారు. అది పేదరికమునకు సాయము. గల్ఫుసొమ్ముతో నాలుగుగోడలు లేపుకొనినవానికి దానిలో అనర్హత కలుగవచ్చును, కలుగకపోయినను అది వాని శ్రమకు ముట్టిన బాకీ కాదు. కేరళచట్టమువంటిది మన శాసనసభ చేయుట కడ్డమేమి? చందాలో సగము కార్మికుడు, సగము రాష్ట్రము భరించినను, వారు పంపు సొమ్ముతో ఈ జిల్లాలలో నడచు వర్తకముపై వచ్చు పన్నులలో నది యొక చిన్నభాగమే యగును. కడప, అన్నమయ్య, నెల్లూరు, గోదావరి జిల్లాల శాసనసభ్యులు పార్టీభేదము మాని యొకమాటపై నిలిచిన ఒక సమావేశమున ముగియు పని యిది.

కేంద్రము 1983 చట్టమునకు బదులుగా క్రొత్తచట్టము తేదలచి 2025లో ముసాయిదాను ప్రకటించి అభిప్రాయములు కోరినది. క్రొత్తచట్ట మే రూపమున వచ్చినను, 50 దాటినవానికి కాపుదల తొలగించు పాతపద్ధతి దానిలో నుండరాదు. 2015 నాటి కువైటు గృహకార్మికచట్టమును బట్టి ఏటికొక నెలజీతము చొప్పున రావలసిన గ్రాట్యుటీ మన స్త్రీలకు ముట్టినదో లేదో తిరిగివచ్చునపుడు విచారించి, ముట్టనిచో రాయబార కార్యాలయముద్వారా వసూలుచేయించు భారమును అందు వ్రాయవలెను. ఆ చట్టము వచ్చులోపల జిల్లాకలెక్టరుగారు చేయదగినపని యొకటి యున్నది. వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు తహసీలుకార్యాలయములలో నెలకొక దినము ప్రవాసుల కాగితములకై కేటాయించి, జననపత్రము, వివాహపత్రము, పేరుల సవరణ ఒకే బల్లమీద జరుగునట్లు చేయవచ్చును. సంక్రాంతికి ముందువెనుకల కువైటునుండి సెలవుపై అనేకులు వత్తురు. ఆ నెలలో మొదలుపెట్టిన బాగుగ నుండును.